విత్తనాలకి మ్యాగ్నెట్ రింగు: నాలుగు బ్యాచ్‌ల నారు మీద పెట్టి చూశాక రాస్తున్నా

మాది పల్నాడులో చిన్న నారు నర్సరీ. రెండు షేడ్‌నెట్‌లు, ఎక్కువ మిర్చే, మధ్యలో టమాటా, కొద్దిగా వంగ. మే నెలాఖర్లో ఆన్‌లైన్లో ఒక మ్యాగ్నెట్ సెట్టు కొన్నా, డెలివరీతో కలిపి 5,400 పడింది. విత్తనం తొందరగా మొలుస్తుంది, నారు దిట్టంగా వస్తుంది, బోరు నీళ్లలో ఉప్పు తగ్గుతుంది అని ముగ్గురు నలుగురు రైతులు వీడియోలు చూపించి నన్ను అడిగారు, సరే మనమే తెప్పించి చూద్దాం అనుకున్నా. జూన్ నుంచి ఆగస్టు దాకా నాలుగు బ్యాచ్‌లు వేశా. 5కి 1 స్టార్ ఇస్తున్నా, ఆ ఒక్కటీ ప్యాకింగుకీ మ్యాగ్నెట్ క్వాలిటీకీ. ఎందుకో మొత్తం రాస్తా, కొంచెం పెద్దగానే ఉంటుంది, కొనాలనుకునేవాళ్లు ఓపిగ్గా చదవండి.

ముందు మా సైడ్ పరిస్థితి చెప్పాలి. 2021లో నల్ల తామర పురుగు వచ్చి మిర్చి తోటలు ఎట్లా పోయాయో ఇక్కడ ఎవరినడిగినా చెప్తారు, పూత మొత్తం రాలిపోయి ఎకరాలకి ఎకరాలు దున్నేసుకున్నారు. అప్పటి నుంచి రైతుకి భయం పట్టుకుంది, ఎవరు ఏ డబ్బా తెచ్చి మొక్క బలంగా వస్తుందన్నా కొనేస్తున్నారు. హైబ్రిడ్ విత్తనం రేటు సంగతి చెప్పక్కర్లేదు, పది గ్రాముల ప్యాకెట్టు చింపేటప్పుడు చెయ్యి వణుకుద్ది. ఒక్క గింజ మొలవకపోయినా అది డబ్బే. అందుకే ఈ రింగు మీద నాకు నిజంగానే ఆశ ఉంది, తీసిపారేద్దామని కొనలేదు.

బాక్సులో రెండు వస్తువులు వచ్చాయి, రెండిటినీ కలిపే నేను రింగు అంటున్నా. ఒకటి పైపుకి బిగించే క్లాంపు, రెండు వైపులా మ్యాగ్నెట్ బిళ్లలు, పది సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. రెండోది గ్లాసు లాంటి కప్పు, చుట్టూ మ్యాగ్నెట్లు, విత్తనాలు అందులో పోసి పెట్టాలి. ఒక కాగితం, అందులో తెలుగు బాగానే ఉంది. క్లాంపు గుండా వచ్చిన నీళ్లు కప్పులో పోసి అందులో విత్తనం 8 గంటలు నానబెట్టాలంట, తర్వాత ట్రేలో వేసుకోవాలంట, ట్రేలు ఉత్తరం దక్షిణంగా పెట్టాలంట. బాక్సు మీద పెద్ద అక్షరాలతో 12,000 గాస్ అని ఉంది, గాస్ అంటే అయస్కాంత బలం కొలత. మ్యాగ్నెట్లు మటుకు గట్టివే, నియోడిమియం, రెండు బిళ్లల మధ్య వేలు పడితే నలిగిపోద్ది, నాకు గోరు నల్లబడింది కూడా. ఇంట్లో చిన్న పిల్లలుంటే అందనివ్వకండి, గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు అసలు దగ్గరికి రావద్దు, ఈ జాగ్రత్త కాగితం మీద ఎక్కడా లేదు, ఉండాల్సింది.

మొదటి బ్యాచ్ చెప్తా. మిర్చి, ఒకటే కంపెనీ, ఒకటే లాటు. 98 గుంతల ప్రోట్రేలు (నారు పెంచే ప్లాస్టిక్ ట్రేలు) నాలుగు మ్యాగ్నెట్‌వి, నాలుగు మామూలువి, గుంతకో గింజ. అంటే ఒక్కో వైపు 392 గింజలు. మామూలువి ఎప్పటిలాగే ప్యాకెట్టు చింపి పొడిగా వేశాం, మ్యాగ్నెట్‌వి కాగితంలో చెప్పినట్టు నానబెట్టి వేశాం. ట్రేలు పేర్చి నల్ల పట్టా కప్పి, ఆరో రోజు తీసి, ఎనిమిదో రోజు లెక్కపెడితే మ్యాగ్నెట్ ట్రేల్లో 318 లేచాయి, మామూలు ట్రేల్లో 251. నిజం చెప్తున్నా ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు, పక్కూరి నర్సరీ అతనికి ఫోన్ చేసి నువ్వు కూడా తెప్పించు అని చెప్పేశా. అది తొందరపాటు, తర్వాత అతనికి మళ్లీ ఫోన్ చేసి ఆగమన్నా. ఎందుకంటే పద్నాలుగో రోజుకి మళ్లీ లెక్కపెడితే 349, 338. తేడా దాదాపు పోయింది. అంటే ఎక్కువ గింజలు మొలవడం లేదు, మొలిచేవే రెండు మూడు రోజులు ముందు మొలుస్తున్నాయి.

ఆ తర్వాత ఇంకో దెబ్బ తగిలింది. ఇరవై రోజులకి మ్యాగ్నెట్ ట్రేల్లో నారు కుళ్లు వచ్చింది, మొదలు దగ్గర సన్నబడి పక్కకి వాలిపోవడం, 40 మొక్కల పైనే పోయాయి, పక్కన మామూలు ట్రేల్లో 5, 6 పోయాయంతే. ఎందుకా అని ఆలోచిస్తే నానబెట్టిన రోజు గుర్తొచ్చింది. కప్పులోంచి నీళ్లు స్టీలు గిన్నెలోకి వంపితే నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయి, చెయ్యి పెడితే వేళ్లకి అంటుకుంది. ఆ రంగు విత్తనం మీద కంపెనీవాళ్లు పట్టించిన మందు. శిలీంద్ర మందు, రసం పీల్చే పురుగు మందు పట్టించే ప్యాకెట్లు వస్తాయి కదా, గుర్తు కోసం రంగు కలుపుతారు. 8 గంటలు నానబెట్టి ఆ మందంతా మనమే కడిగి పారబోశాం. మందు పట్టించిన హైబ్రిడ్ విత్తనం నానబెట్టకూడదు అని ఆ కాగితంలో ఒక్క ముక్క రాయలేదు. రైతు పైసలు పెట్టి కొన్న మందుని రైతు చేతే కడిగించడం ఇది, నాకు అన్నిటికన్నా కోపం వచ్చింది దీని మీదే. ఆ నీళ్లు ఎక్కడబడితే అక్కడ పారబోసినా ప్రమాదమే, కోళ్లు తాగుతాయి.

మా దగ్గర పదిహేనేళ్ల నుంచి పనిచేసే పిన్ని ఒకామె ఉంది, ట్రేల్లో గింజ వెయ్యడంలో ఆమె చెయ్యి మిషను కన్నా కచ్చితం. రెండో బ్యాచ్ మొదలుపెట్టేటప్పుడు ఆమే అంది, "అబ్బాయ్, నువ్వు ఒకటి పొడిగా ఏశావు ఇంకోటి నానబోశావు, వడ్లయినా మండె కడితే ముందే మొలకొచ్చుద్ది కదా, ఇందులో నీ అయస్కాంతం గొప్పేముంది" అని. నేను ఇంత చదివి నాకు తట్టలేదు. వడ్లు గోతంలో కట్టి నానబోసి మండె కట్టడం ప్రతి ఇంట్లో చూసిందే. ఇంకో మాట కూడా అంది, "ఈసారి లెక్కపెట్టేటప్పుడు ఏ ట్రే ఏదో నాకు చెప్పబాకు, చెప్తే నా కన్ను అటే పోద్ది."

అందుకని రెండో బ్యాచ్ నాలుగు రకాలుగా వేశాం. పొడి గింజ. మామూలు నీళ్లలో 8 గంటలు. రింగు నీళ్లలో రింగు కప్పులో 8 గంటలు. పొడి గింజనే రింగు కప్పులో రెండు గంటలు పెట్టి వేసినవి. ఒక్కోటి నాలుగు ట్రేలు, అంటే మొత్తం 16. ట్రే అడుగున రంగు దారం కట్టా, ఏ రంగు ఏదో నా ఫోన్లో మాత్రమే ఉంది. పేర్చేటప్పుడు కూడా కలగలిపి పేర్చాం, ఎందుకంటే దొంతర మధ్యలో ఉన్న ట్రేలకి వేడి ఎక్కువ పడుతుంది, మిర్చి గింజకి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం ఉంటే తొందరగా లేస్తుంది, మొదటి బ్యాచ్‌లో మ్యాగ్నెట్ ట్రేలన్నీ మధ్యలోనే పడ్డాయి, అదీ ఒక కారణం అయి ఉండొచ్చు. ఈసారి మందు పట్టించని విత్తనం తీసుకున్నా, నానబెట్టినా నష్టం లేకుండా.

పిన్ని లెక్క ఇదీ, ఎనిమిదో రోజు: పొడివి 244, మామూలు నీళ్లలో నానినవి 309, రింగు నీళ్లలో నానినవి 306, రింగులో పొడిగా పెట్టినవి 251. పద్నాలుగో రోజుకి అదే వరసలో 341, 346, 344, 339. చూశారు కదా. ముందు మొలవడం అంతా నీళ్లదే. చెంబులో పంపు నీళ్లు పోసి నానబెట్టినా అంతే, 5,400 పెట్టి కొన్న కప్పులో నానబెట్టినా అంతే.

పొడివాటికి రింగులో పెట్టినవాటికి 244, 251 తేడా ఉంది కదా అంటారేమో, కానీ పొడి గింజ నాలుగు ట్రేలే చూడండి, పద్నాలుగో రోజు 81, 88, 84, 88. ఒకటే విత్తనం, ఒకటే కోకోపిట్ (కొబ్బరి పొట్టు), ఒకటే నీళ్లు, అయినా ట్రేకి ట్రేకి ఏడు మొక్కల తేడా దానంతట అదే వస్తుంది. మరి నాలుగు ట్రేలు కలిపి ఏడు గింజలు ఎక్కువొస్తే అది రింగు మహిమ అని ఎట్లా అంటాం. వీడియోల్లో చూపించేవన్నీ ఒక్క ట్రే పక్కన ఒక్క ట్రే పెట్టి తీసినవే, అట్లా చూపిస్తే మా నర్సరీలో నేను దేన్నైనా నిరూపించగలను. మూడో బ్యాచ్‌లో నానినవాటినే మళ్లీ పోల్చాం, మామూలు నీళ్లు 312, రింగు నీళ్లు 317. నాలుగోది టమాటా, అందులో చెప్పుకోడానికి ఏమీ లేదు, అన్నీ ఒకటే. ముప్పై అయిదో రోజు నారు పీకి కాండం మందం, వేరు గుత్తి చూశాం, పిన్ని దారాలు చూడకుండా మంచి ట్రేలు తీసి పక్కన పెట్టమంటే అన్ని రంగులూ కలిసే వచ్చాయి.

అయస్కాంతం విత్తనం మీద అసలు పని చేయదు అని మాత్రం నేను అనట్లేదు, ఈ మాట జాగ్రత్తగా చదవండి. దీని మీద మన దేశంలోనే మంచి పని జరిగింది. ఢిల్లీ పూసాలో ఉన్న భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో అనంత వశిష్ఠ్, శాంతా నాగరాజన్ మొక్కజొన్న, శనగ, పొద్దుతిరుగుడు విత్తనాల మీద చేశారు. పొడి విత్తనాన్ని ఎలక్ట్రోమ్యాగ్నెట్ రెండు ధ్రువాల మధ్య పెట్టి 50 నుంచి 250 మిల్లీటెస్లా (ఇదీ అయస్కాంత బలం కొలతే) దాకా, గంట నుంచి నాలుగు గంటల దాకా, ఒక్కో బలానికి ఒక్కో టైముకి విడివిడిగా చూశారు. 2008లో వచ్చిన శనగ ఫలితాల్లో బాగా పనిచేసినవి 50 దగ్గర రెండు గంటలు, 100 దగ్గర ఒక గంట, 150 దగ్గర రెండు గంటలు. 2010లో పొద్దుతిరుగుడుకి 50, 200 దగ్గర రెండేసి గంటలు. మొలక వేగం పెరిగింది, మొక్క పొడవు, ఎండు బరువు పెరిగాయి, గింజలో పిండిని చక్కెర చేసే ఆల్ఫా అమైలేజ్ లాంటి ఎంజైములు ఎక్కువ పనిచేశాయి అని చూపించారు. మాడ్రిడ్‌లో కూడా ఒక టీము వరి, మొక్కజొన్న మీద 125, 250 మిల్లీటెస్లాతో చేసి ముందు మొలిచాయని రాసింది.

ఇందులో రైతుకి పనికొచ్చే సంగతి ఏంటంటే, బలం పెంచుకుంటూ పోతే ఫలితం పెరుగుతూ పోదు. ఒక పంటకి కుదిరిన మోతాదు ఇంకో పంటకి కుదరదు. శనగకి పనిచేసింది మిర్చికి పనిచేయాలని లేదు. మందు డబ్బా మీద లీటరుకి ఎన్ని మిల్లీలీటర్లు అని ఎట్లా రాస్తారో దీనికీ అట్లా పంటవారీగా రాయాలి. ఈ బాక్సు మీద ఏ పంటకైనా ఒకటే, 8 గంటలు, అయిపోయింది.

ఆ 12,000 గాస్ సంగతి కూడా చూద్దాం. 10 గాస్ అంటే 1 మిల్లీటెస్లా, అంటే వాళ్లు చెప్పేది 1,200 మిల్లీటెస్లా. మా బావమరిది ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో పనిచేస్తాడు, గాస్ మీటరు ఒక పూట తెచ్చాడు. కప్పు లోపల గోడకి ఆనించి పెడితే 2,100 గాస్ చూపించింది. వేలెడు వెడల్పు లోపలికి జరిపితే సగానికి పైగా పడిపోయింది. సరిగ్గా మధ్యలో 260. అంటే గోడ పక్కన గింజకి 210 మిల్లీటెస్లా, మధ్యలో గింజకి 26. ఒకే కప్పులో ఒక్కో గింజకి ఒక్కో మోతాదు. మరి 12,000 ఎక్కడిది అంటే, అది ఆ నియోడిమియం లోహం రకానికి ఉండే అంకె, ఎన్35 అనే మామూలు గ్రేడుకి దాదాపు అంతే ఉంటుంది, పదార్థం లోపల లెక్క అది. మన విత్తనం ఉండేది బయట కదా. అంకె అబద్ధం అనలేను, కానీ కొనేవాడికి అర్థమయ్యేట్టు చెప్పింది మాత్రం కాదు.

గాస్ మీటరు అందరికీ దొరకదు. ఫోన్లో మ్యాగ్నెటిక్ సెన్సార్ ఉంటుంది, ఫైఫాక్స్ అని ఫ్రీ యాప్ ఉంది, జర్మనీలో ఆఖెన్ యూనివర్సిటీవాళ్లు చేసింది, అందులో చూడొచ్చు. అది చిన్న బలాలకే పనికొస్తుంది, ఈ రింగు దగ్గరికి తెస్తే సెన్సార్ పట్టలేదు, ఫోన్లో దిక్సూచి కూడా తిక్కతిక్కగా తిరుగుతుంది. కానీ ఒక పని చేయొచ్చు. షేడ్‌నెట్ మధ్యలో, ఇనప పైపులకి దూరంగా ఫోన్ పెడితే నాకు 41 మైక్రోటెస్లా చూపించింది, అది భూమిదే, మన నారు రోజూ పెరిగేది అందులోనే. తర్వాత రింగు గుండా పోనిచ్చిన నీళ్లు ప్లాస్టిక్ బకెట్ నిండా పట్టి పక్కనే పెట్టా. 41. మామూలు నీళ్ల బకెట్ పెట్టా. 41. మ్యాగ్నెటిక్ వాటర్ అని పేరే గానీ ఆ నీళ్లలో మ్యాగ్నెట్ లేదు. నీళ్లు ఇనుములాగా అయస్కాంతాన్ని పట్టుకుని ఉండవు, ఇంకా చెప్పాలంటే నీటిని అయస్కాంతం అతి కొద్దిగా దూరం నెడుతుంది, అదీ దగ్గర ఉన్నంతసేపే. పైగా నీళ్లు సెకనుకి ఒక మీటరు వేగంతో పారుతుంటే ఆ పది సెంటీమీటర్ల క్లాంపు దాటడానికి పట్టేది సెకనులో పదో వంతు. ఢిల్లీలో విత్తనం గంటలు గంటలు అందులో కూర్చుంది.

ఉప్పు తగ్గుద్ది అన్నారు కదా, నీళ్లలో కరిగిన ఉప్పులు కొలిచే టీడీఎస్ మీటర్ పెట్టా. బోరు నీళ్లు 1,140, క్లాంపు దాటాక 1,140. నీళ్లలో కరిగిన ఉప్పు ఎక్కడికి పోద్ది, పోవాలంటే ఆర్‌ఓ ఉండాలి లేకపోతే వాన నీళ్లు కలపాలి. డ్రిప్పులో సున్నం పట్టడం కూడా ఆ మూడు నెలలు ఎప్పటిలాగే ఉంది, యాసిడ్ పెట్టి కడుక్కోవాల్సే వచ్చింది.

ట్రేలు ఉత్తరం దక్షిణం అన్నది ఎక్కడి నుంచి తెచ్చారో కూడా వెతికా. 1960ల్లో కెనడాలో లెత్‌బ్రిడ్జ్ అనే చోట పిట్‌మన్ అనే ఆయన గోధుమ వేర్లు ఉత్తర దక్షిణ దిశలో ఎక్కువ పోతున్నాయని రాశాడు, గోధుమ పొలంలో చూసింది అది. గుప్పెడు కోకోపిట్ ఉన్న గుంతలో వేరు గోడకి తగిలి కిందికే తిరుగుద్ది, ట్రే ఎటు పెట్టినా ఒకటే. ఈ రంగంలో ఫలితాలు నిలబడటం కూడా కష్టమే. 2007లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మొలకల మీద నీలి కాంతిలో అయస్కాంతం ప్రభావం చూశామని ఒక టీము రాస్తే, 2009లో ఇంకో టీము అదే ప్రయోగం మళ్లీ జాగ్రత్తగా చేసి అంత స్థిరమైన తేడా కనపడలేదని రాసింది. ల్యాబుల్లోనే ఇట్లా ఉంటే, మొలక గ్యారంటీ అని బాక్సు మీద ఎట్లా రాస్తారు. అన్నట్టు వాళ్ల గ్యారంటీ 85 శాతం మొలక. మిర్చి సర్టిఫైడ్ విత్తనానికి కనీస మొలక 60 శాతం, టమాటాకి 70, అది రూలు, కానీ మంచి కంపెనీ తాజా లాటు రింగు లేకుండానే మా ట్రేల్లో 86, 87 వస్తుంది. ఉన్నదానికే గ్యారంటీ ఇచ్చారు.

సర్వీస్ గురించి. ఫోన్ ఎత్తారు, మర్యాదగానే మాట్లాడారు. నా లెక్కలు చెప్తే "సార్, మీ నీళ్లు ఇంకా అలవాటు పడలేదు, రెండు నెలలు వాడండి" అన్నాడు అతను. నీళ్లు రోజూ కొత్తవే కదండీ వచ్చేది బోర్లోంచి, అలవాటు ఎవరికి పడాలి అంటే ఇంకొకరికి కలుపుతా అని హోల్డులో పెట్టాడు. వాపస్ అడిగితే 7 రోజుల్లో పంపాలి అన్నారు. మిర్చి మొలకకే ఎనిమిది రోజులు పడుతుంది, 7 రోజుల వాపస్ పెట్టి విత్తనం సామాను అమ్మడం తప్పు, ఇది వాళ్లకి మెయిల్లో కూడా రాశా. నారు కుళ్లిన ట్రేల ఫొటోలు పంపా. జవాబు రాలేదు.

ఎవరైనా ఇప్పటికే కొనేసి ఉంటే, పారేయకండి, నాలాగే నాలుగు రకాలుగా వేసి చూడండి, దారాలు కట్టండి, లెక్క వేరేవాళ్లతో పెట్టించండి, వేరే పంటలో తేడా నిజంగా వస్తే నాకు చెప్పండి, నేను ఈ రివ్యూ మారుస్తా. శనగ వేసేవాళ్లెవరైనా పొడి గింజ మీద చూస్తే ఇంకా బాగుంటుంది, నా దగ్గర శనగ లేదు. కొననివాళ్లు ఆ డబ్బుతో ట్రైకోడెర్మా (నారు కుళ్లు రాకుండా వాడే మేలు చేసే శిలీంద్రం), మంచి కోకోపిట్, కొత్త ట్రేలు కొనుక్కోండి. సొంత విత్తనం, మందు పట్టించనిది అయితే రాత్రి పడుకునే ముందు చెంబు నీళ్లలో వేసి, పొద్దున్నే వంపేసి, గుడ్డ మీద నీడలో గంట ఆరబెట్టి, ట్రైకోడెర్మా పట్టించి వేసుకోండి. రంగు ఉన్న ప్యాకెట్ విత్తనం మాత్రం తడపకుండా పొడిగానే వెయ్యండి, రెండు రోజులు ఆలస్యంగా మొలిచినా మందు గింజ మీదే ఉంటుంది. సెప్టెంబరు బ్యాచ్ మేము అట్లాగే వేశాం, పిన్ని నిన్న పట్టా తీసింది.